తెలుగు పిల్లల నవలల్లో పేర్లు, ముద్దుపేర్లు

తెలుగు పిల్లల నవలలో పాత్రకు సాధారణంగా రెండు పేర్లుంటాయి. ఒకటి బళ్ళో హాజరుపట్టీలో రాసుండేది. రెండోది ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ నోరారా పిలిచేది. కథ ఎక్కువగా రెండో పేరు మీదే నడుస్తుంది. ముద్దుపేరు, వెక్కిరింపు పేరు, వరస పెట్టి పిలిచే పిలుపు, ఇంటిగుర్తుతో వచ్చే పేరు, పిల్లలు పెద్దలకు చాటుగా పెట్టే పేరు అన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి. వీటి అర్థం నిఘంటువులో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆ పేరుతో పిలిచే హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు అన్నదాంట్లో ఉంటుంది. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఈ విషయానికి తెలుగులో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ. దానికి ముందూ వెనకా వచ్చిన రచనలనూ, అనువాదాలనూ, హైదరాబాదు తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల ఇళ్ళల్లో వినపడే పిలుపులనూ పక్కన పెట్టి చూస్తే బుడుగు ఏం చేశాడో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంటి పిలుపు ఎలా పుడుతుంది

తెలుగువాళ్ళ అసలు పేర్లు పొడుగ్గా ఉండటానికి కారణాలు తెలిసినవే. ఇంటిపేరు ముందుంటుంది, మొక్కుకున్న దేవుడు తోడవుతాడు, పోయిన తాత పేరో నాయనమ్మ పేరో కలుస్తుంది. ముద్దుపేరు పుట్టడానికి ఆ పొడుగు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. మామగారి పేరు కొడుక్కి పెట్టుకున్న కోడలు ఆ పేరుతో పిల్లవాణ్ణి ‘ఒరే’ అని కేకేయలేదు, తిట్టలేదు. అందుకే తాత పేరు కాగితాల్లో ఉండిపోయి బుజ్జి, చంటి, పండు, చిన్నా లాంటి పేర్లు గడప లోపల చలామణీ అవుతాయి. పెద్దవాళ్ళ పేరు పట్ల మర్యాద వల్ల పిల్లవాడికి ముద్దుపేరు దక్కిందన్నమాట. పోయినవాళ్ళ పేరు నిలబెట్టుకోవడం పిల్లల పేర్లతోనే ఆగదు. నందమూరి తారక రామారావు నాచారంలో కట్టిన స్టూడియోకు ఉన్న రామకృష్ణ అనే పేరు, 1962లో చనిపోయిన ఆయన పెద్దకొడుకుది.

ఉప్పల్ వరంగల్లు దారి మీద ఉంది. యాదగిరిగుట్టకు పోయే బస్సులు అక్కడి రింగురోడ్డు మీదుగానే పోతాయి. ఆ దారి పొడుగునా పాత తరం పేర్లు వింటే గుట్ట నరసింహస్వామి ఎంతమందికి పేరిచ్చాడో తెలుస్తుంది: యాదగిరి, యాదయ్య, యాదమ్మ, నర్సింహ, లక్ష్మీనర్సు. కొమురెల్లి మల్లన్న దయతో పుట్టినవాళ్ళు కొమురయ్య, కొమురమ్మ, మల్లేశం. వేములాడ రాజన్న పేరుతో రాజయ్య, రాజవ్వ, రాజేశం. ఇవన్నీ ఇంట్లో కురచనవుతాయి. యాదగిరి ‘యాది’ అవుతాడు, లక్ష్మి ‘లచ్చవ్వ’ అవుతుంది, వెంకటేశం ‘ఎంకటి’ అవుతాడు. చివర ‘గాడు’ చేరితే చనువు కావచ్చు, చిన్నచూపు కావచ్చు. పిలిచేవాడిని బట్టి అర్థం మారిపోతుంది. అమ్మ నోట ‘మల్లిగా’ అన్నది ముద్దు. అదే పిలుపు దొర నోట, అదీ నలభై ఏళ్ళ మనిషిని పట్టుకుని పిలిస్తే, ఆ మనిషి స్థాయిని నేలకు దించడమే. తెలంగాణ నేపథ్యంగా పిల్లల కోసం రాసేవాళ్ళకు ఈ ‘గాడు’తో వచ్చే చిక్కు అంతా ఇంతా కాదు. తీసేస్తే మాట అబద్ధమైపోతుంది, ఉంచేస్తే దాని వెనక ఉన్న లెక్క కూడా చెప్పాలి.

దిష్టి పేర్లు ఇంకో రకం. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసుకొచ్చి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవాళ్ళు. విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అనేవాళ్ళు, బిచ్చమెత్తి పెంచినట్టు చెప్పి బిక్షపతి, బిచ్చమ్మ అనేవాళ్ళు. చావుకు ఈ బిడ్డ పనికిరానిదని నమ్మించడానికి కాపాడే ప్రేమతో పెట్టిన పేర్లివి. బళ్ళో చేరగానే అవే పేర్లు నవ్వులపాలవుతాయి. పేరు పెట్టిన చేతికి ఒక అర్థం, పేరు చదివే హాజరుపట్టీకి ఇంకో అర్థం. ఈ రెండిటి మధ్య నలిగే పిల్లవాడి కథకు నవలంత చోటు చాలు, అయినా మన పిల్లల నవల ఆ వైపు అంతగా చూడలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తొలి అడుగులు

పిల్లల పాత్రలను ఇంటి పిలుపులతోనే పుస్తకంలోకి తెచ్చినవాళ్ళలో చింతా దీక్షితులు ముందు వరసలో ఉంటారు. ఆయన ‘సూరి, సీతి, వెంకి’ అన్న శీర్షికలోనే మూడు పేర్లూ సగానికి తెగి ఉంటాయి. సూర్యనారాయణో సూరన్నో, సీతామహాలక్ష్మో, వెంకటలక్ష్మో అని విడదీసుకునే పని చదివే పిల్లకు అక్కర్లేదు, ఆటలో పిలిచే పేరు తెలిస్తే చాలు. 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టిన న్యాయపతి దంపతులు తమ పేర్లనే మార్చేసుకున్నారు. రాఘవరావు ‘రేడియో అన్నయ్య’ అయ్యారు, కామేశ్వరి ‘రేడియో అక్కయ్య’ అయ్యారు. పిల్లలతో మాట్లాడే పెద్దవాళ్ళు వరస కలుపుకుని మాట్లాడాలన్న సంగతి రేడియో ముందే కనిపెట్టింది. నవల దాన్ని వెంటనే అందిపుచ్చుకోలేదు.

బుడుగు

ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) ‘బుడుగు’ 1956–57లో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. బాపు బొమ్మలు వేశారు. ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ అని చాలామందికి గుర్తుండదు. ఇంటి పిలుపులాంటి పేరే ఆయనకు శాశ్వతమైంది. కచ్చితంగా లెక్కేస్తే ‘బుడుగు’ ముడులు వేసుకుంటూ పోయిన నవల కాదు. ఒక ఇంటినీ, ఆ చుట్టుపక్కల వీధినీ పట్టుకుని పిల్లవాడు చెప్పుకుపోయే ముచ్చట్ల వరస. పాత్రలూ వాటి పేర్లూ మొదటి నుంచి చివరి దాకా నిలబడటం వల్ల పాఠకులు దాన్ని నవలగానే చదువుతున్నారు.

కథ చెప్పే పిల్లవాడు మొదట్లోనే తన పేర్ల జాబితా ఇస్తాడు. పిలిచే పేరు బుడుగు, దానికి ప్రాస కుదిరే పేరు పిడుగు, ఇవి కాక పొడుగాటి అసలు పేరు ఒకటుంది. దాన్ని తను చెప్పడు, నాన్నను అడగమంటాడు. ఇందులో మెలిక చూడండి. బుడుగన్నది పిల్లవాడి పొట్టితనం నుంచి, బుడత, బుడ్డోడు అన్న మాటల చుట్టరికం నుంచి వచ్చిన ముద్దు. పిడుగన్నది చిచ్చరపిడుగు అని పెద్దలు విసుక్కునే పేరు. ఈ రెండూ తనవే అంటాడు. ఆ పొడుగుపేరు మాత్రం తన సొత్తు కాదు, అది నాన్న దగ్గర ఉండే కాగితంలాంటిది. తెలుగు కుటుంబంలో అసలు పేరు పెద్దల ఆస్తి, ముద్దుపేరు పిల్లవాడి ఆస్తి అన్న పంపకాన్ని రమణ నాలుగు ముక్కల్లో తేల్చేశారు. పుస్తకమంతా చదివినా ఆ అసలు పేరు కావాలని ఎవరికీ అనిపించదు.

స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1945లో తెచ్చిన పిప్పీకి కూడా చాంతాడంత పేరుంది: పిప్పిలోత్తా విక్తువాలియా అని మొదలై తండ్రి ఎఫ్రాయిమ్ పేరు మీదుగా సాగుతుంది. పిప్పీ ఆ పేరును గర్వంగా ఏకరువు పెడుతుంది, ఎందుకంటే ఆమె ఇంట్లో పెద్దవాళ్ళే లేరు. నిండా పెద్దవాళ్ళున్న ఇంట్లో పుట్టిన బుడుగు తన పొడుగుపేరును నాన్న మీదికి నెట్టేస్తాడు. ఇద్దరూ అల్లరివాళ్ళే, ఇళ్ళే వేరు.

పక్కింటి పిల్ల సీగాన పెసూనాంబ. పిల్లనోట శ్రీజ్ఞాన ప్రసూనాంబ పలికిన తీరు అది. శ్రీకాళహస్తిలో కొలువున్న అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. గుడిలో అర్చకుడు పలికే పేరు పసినాలుక మీద ఒత్తులన్నీ రాలిపోయి పెసూనాంబ అయింది. ఇక్కడ రమణ చేసిన పని పలుకుబడిని హాస్యం చేయడం మాత్రమే కాదు. ఆయన ఆ పలుకును అచ్చులో అలాగే రాశారు, దిద్దలేదు, పక్కన అసలు రూపం ఇవ్వలేదు. పిల్లవాడు విన్నదే పేరు. ఉప్పల్ దారిలో యాదగిరి యాది అయినట్టే కాళహస్తి అమ్మవారు పెసూనాంబ అయింది. తేడా ఏమిటంటే యాదిని కురచ చేసింది పెద్దలు, పెసూనాంబను చేసింది పిల్లలు.

బుడుగు తల్లి రాధ, తండ్రి గోపాళం. అమ్మానాన్నలకు వేరే పేర్లుండటం, వాళ్ళు ఒకరినొకరు ఆ పేర్లతో పిలుచుకోవడం పిల్లవాడికి పెద్ద వింత. భర్త పేరు పలకకూడదన్న పట్టింపు బలంగా ఉన్న రోజుల్లో ఈ రాధాగోపాళాలు కొత్త కాలపు జంట. రమణ వాళ్ళ మీద విడిగా కథలు రాశారు, 2005లో బాపు ఆ పేరుతోనే సినిమా తీశారు. బామ్మకూ బాబాయికీ మాత్రం వరసే పేరు. ఈ వరసలు ఎక్కడివో గమనించాలి. బామ్మ, బాబాయి అనేవి కోస్తా జిల్లాల మధ్యతరగతి ఇంటి పిలుపులు. అదే ఇల్లు ఉప్పల్‌లోని పాత బస్తీలో ఉంటే బామ్మ నాయనమ్మ అయ్యేది, బాబాయి కాకో చిన్నాయినో అయ్యేవాడు. కరీంనగరు వైపు నుంచి వచ్చిన కుటుంబమైతే నాన్నే ‘బాపు’ అయ్యేవాడు. వరస మారితే పాత్ర కూడా కొంచెం మారుతుంది. బాబాయిలో ఉండే కాలేజీ కుర్రతనం కాకలో ఉండదు, కాకలో వేరే పెత్తనం వినిపిస్తుంది.

పొరుగువాళ్ళ సంగతికొస్తే బుడుగు అసలు తిరుగుబాటు మొదలవుతుంది. బాబాయి మనసుపడిన అమ్మాయి ‘రెండుజెళ్ళ సీత’. పక్కింటావిడ ‘లావుపాటి పిన్నిగారు’. ఆమె భర్తకు ఆపాటి పేరు కూడా లేదు, ‘పిన్నిగారి మొగుడు’ అంతే. చదువు చెప్పడానికి వచ్చేవాళ్ళు ప్రైవేటు మాస్టార్లు, ఒకరు పోతే ఇంకొకరు. పెద్దలు పిల్లలకు బుడుగు, పిడుగు అని పేర్లు పెడితే పిల్లవాడు పెద్దలకు కంటికి కనపడే గుర్తుతో పేర్లు పెట్టి బాకీ తీర్చుకున్నాడు. గమనిస్తే అందులో మర్యాద తప్పలేదు, ‘గారు’ అక్కడే ఉంది. లావుపాటి అన్న విశేషణం, గారు అన్న గౌరవం ఒకే పిలుపులో పక్కపక్కన కూర్చోవడం తెలుగు పిల్లవాడికే సాధ్యం. ఒళ్ళు చూసి పేరు పెట్టడాన్ని ఇవాళ్టి బడులు ఒప్పుకోవు. ఆ అభ్యంతరం సబబే. అయితే లావుపాటి పిన్నిగారు పిల్లవాడి కళ్ళకు ఆనే పరిమాణం, ఆమె మీద వేసిన తీర్పు కాదు. ‘రెండుజెళ్ళ సీత’ పేరు తర్వాత 1983లో జంధ్యాల సినిమాకు శీర్షిక అయిందంటే ఆ పేరు ఎంత నిలిచిందో అర్థమవుతుంది.

చందమామ దారి

అదే కాలంలో పిల్లలు ఎగబడి చదివిన చందమామ సీరియళ్ళలో ముద్దుపేర్లు దాదాపు లేవు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన నవలల్లో వీరులు శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు, పింగళుడు. ఎవరికీ ఇంటిపేరు లేదు, ఊళ్ళో పిలిచే పేరు లేదు. పేరు వినగానే వాడి పని తెలిసిపోవాలి. ఖడ్గవర్మ కత్తి పడతాడు, జీవదత్తుడు మంత్రం ఎరుగుతాడు. ఇది పాత పద్ధతే. పంచతంత్రంలో నక్కలకు కరటకుడు, దమనకుడు అని పేర్లు పెట్టిన దారి. అర్థం తెలియకపోయినా ఆ సంస్కృత శబ్దాల గంభీరానికే పిల్లలు పడిపోయారు. ఖడ్గవర్మను వాళ్ళమ్మ ‘ఖడ్గిగా, అన్నానికి రా’ అని పిలిస్తే సాహసం అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో తల్లి లేని కథకు ముద్దుపేరు అవసరం లేదు. విచిత్రమేమిటంటే ఇన్ని గంభీరమైన పేర్లు పెట్టిన రచయిత పేరు ఆ సీరియళ్ళ మీద పడేది కాదు. చాలామంది పాఠకులకు దాసరి సుబ్రహ్మణ్యం ఎవరో ఏళ్ళ తర్వాత తెలిసింది.

వెక్కిరింపును సొంతం చేసుకున్నవాళ్ళు

బుడుగు తర్వాత బాల్యాన్ని బాల్యపు గొంతుతో చెప్పిన పుస్తకాలు తరచూ ముద్దుపేరునే అట్ట మీదికి ఎక్కించాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘సినబ్బ కతలు’, ‘మిట్టూరోడి కతలు’ చిత్తూరు జిల్లా పలుకుతో వచ్చాయి. ‘మిట్టూరోడు’ అన్నప్పుడు ఊరే పేరైపోయింది, ఊరు దాటినవాడికే ఆ పేరు అతుకుతుంది. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’లో పేరు ఇంకో రకం. ఇంటిపట్టున ఉండక ఇల్లిల్లూ తిరిగే ఆడపిల్లను పెద్దలు ఇల్లేరమ్మ అని దెప్పుతారు. మగపిల్లవాడు ఊరంతా తిరిగితే అతనికి అలాంటి పేరు పెట్టాలని ఎవరికీ తోచదు. సుశీల రసాయనశాస్త్రం చదివి హైదరాబాదులో సొంత పరిశ్రమ నడిపిన మనిషి. ‘చిన్న పరిశ్రమలు, పెద్ద కథలు’ రాసింది కూడా ఆమే, నాచారం పారిశ్రామికవాడలో షెడ్డు నడిపే ఎవరికైనా ఆ లోకం తెలిసినదే. ఇల్లు దాటి తిరిగే పిల్ల మీద వేసిన దెప్పును పుస్తకానికి పేరుగా పెట్టుకోవడంలో ఉన్న ఉడుకు ఆ జీవితం తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇంకో అడుగు ముందుకేసింది గోగు శ్యామల తాటకి కథ. అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ వరుసలో 2008లో వెలువడిన ఈ రచన నవల కాదు, పిల్లల కథే. అయినా పేర్ల చర్చలో దాన్ని వదిలేయలేం. రామాయణంలో రాముడు చంపిన రాక్షసి పేరును ఒక దళిత బాలికకు పెట్టి, ఆ పేరుతోనే ఆమెను గెలిపించింది. తాటకి అన్న మాట తెలుగు ఇళ్ళల్లో తిట్టు. తిట్టు తినేవాళ్ళ వైపు నుంచి కథ చెబితే అదే బిరుదు.

అనువాదంలో పేరు ఏమవుతుంది

ఉప్పల్ నుంచి సికింద్రాబాదు వైపు వచ్చే దారిలో హబ్సిగూడ దాటితే తార్నాక. పిల్లల పుస్తకాలు ప్రచురించే ‘మంచి పుస్తకం’ సంస్థ అక్కడిదే. ఆ సంస్థ తెలుగు పాఠకులకు అందించినవాటిలో ‘రైలుబడి’ ఒకటి. జపాను నటి తెత్సుకో కురొయానగి 1981లో రాసిన తన చిన్ననాటి కథ ఇది. జ్ఞాపకాలే అయినా పిల్లలు నవలలా చదువుతారు. అందులో పిల్ల పేరు టోటోచాన్. తెత్సుకో అన్నది పసినోట పలకక ‘టోటో’ అయింది. ‘చాన్’ అన్నది జపానువాళ్ళు పిల్లల పేర్ల చివర చేర్చే ముద్దుముక్క. అందరూ చాన్ చేర్చే పిలవడంతో అదీ తన పేరులో భాగమే అనుకుంది ఆ పిల్ల. పెసూనాంబ తెలిసిన తెలుగు పాఠకుడికి టోటో సంగతి వివరించక్కర్లేదు. చాన్‌ను మాత్రం తెలుగు చేయకుండా ఉంచేయడమే మేలయింది. దాన్ని ‘బుజ్జి’ అనో ‘తల్లి’ అనో మార్చి ఉంటే పిల్ల తన పేరు గురించి పొరబడిన ముచ్చటే పోయేది. పుస్తకం పేరును రైలుబడిగా మార్చడంలో ఇంకో లెక్క ఉంది. పాత రైలుపెట్టెల్లో నడిచే బడే ఆకర్షణ కాబట్టి పిల్ల పేరు వెనక్కి తగ్గి బడి ముందుకొచ్చింది.

ఆర్.కె. నారాయణ్ 1935లో ఇంగ్లీషులో రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో స్వామినాథన్ స్వామి అవడం మనకు సహజంగానే ఉంటుంది. శామ్యూల్ అనే పొట్టి పిల్లవాణ్ణి తోటివాళ్ళు బఠాణీ అంటారు. రాజమ్ వెంట తిరుగుతున్నాడని స్వామికి ‘తోక’ అని పేరు పెట్టి ఏడిపిస్తారు. ఇంట్లో పుట్టిన పేరు పిల్లవాణ్ణి పసివాడిగానే ఉంచాలనుకుంటుంది. బళ్ళో పుట్టిన పేరు వాడు ఎవరి జట్టో తేలుస్తుంది. తెలుగు పిల్లల నవల ఇంటి పేర్లలో చూపిన నేర్పు బడి పేర్లలో చూపలేదు. బుడుగుకు బడి కంటే ఇల్లే లోకం కావడం దానికి ఒక కారణం కావచ్చు.

ఉప్పల్, నాచారం ఇవాళ

ఈ ప్రాంతానికి కూడా పేరు ఒకటి కాదు. రెవెన్యూ కాగితాల్లో ఉప్పల్ కలాన్, నోటిమాటలో ఉప్పల్. కలాన్ అంటే పారసీకంలో పెద్ద అని. ఉప్పల్ భగాయత్ అన్న పేరులో ఒకప్పటి తోటలు మిగిలాయి. ఉప్పల్ మున్సిపాలిటీ 2007లో నగరపాలనలో కలిసింది, నాచారంలో పరిశ్రమలు వచ్చిన నాటి నుంచీ పని కోసం జిల్లాల నుంచీ వేరే రాష్ట్రాల నుంచీ వచ్చిన కుటుంబాలు చేరుతూనే ఉన్నాయి. అక్కడి కాలనీల్లో ఒకే పిల్లవాడికి రోజులో వినపడే పిలుపులు చూడండి. ఇంగ్లీషు మీడియం బళ్ళో ఇంటిపేరు పొడి అక్షరాలతో కలిపి పూర్తి పేరు, అపార్టుమెంటు వాచ్‌మన్ నోట ‘బాబూ’, గల్లీ క్రికెట్‌లో ‘ఛోటూ’, ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ నోట ‘బిడ్డా’, అమ్మ నోట బిట్టూ. ఛోటూ అన్న హిందీ మాటకు ఇక్కడ రెండు బతుకులున్నాయి. ఆటలో అది చిన్నవాడికి ముద్దు, చాయ్ బండి దగ్గర అది పేరు అడగకుండానే పనిపిల్లవాడికి తగిలించే గుర్తు. ఒకే వయసు పిల్లలిద్దరు, ఒకే పిలుపు. ఒకడు ఆడుకోవడానికి వెళ్తున్నాడు, ఇంకొకడు గ్లాసులు కడుగుతున్నాడు. బుడుగు తనకు లావుపాటి పిన్నిగారు ఎవరో చెప్పినట్టు, ఆ రెండో పిల్లవాడు తన వైపు నుంచి చాయ్ తాగేవాళ్ళకు ఏం పేర్లు పెట్టుకున్నాడో రాసే నవలకు కావలసిన సరుకంతా రింగురోడ్డు చుట్టూ ఉంది.